అల నుంచి కరెంటు: రెక్టెన్నా తొలి రోజులు

1964లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రేథియాన్ కంపెనీ ఇంజినీరు విలియం సి. బ్రౌన్ ఒక చిన్న హెలికాప్టర్‌ను సుమారు 18 మీటర్ల ఎత్తున పది గంటలపాటు నిలిపి చూపించారు. అందులో ఇంధనం లేదు, బ్యాటరీ లేదు. కింద నుంచి వచ్చే మైక్రోవేవ్ పుంజమే దాని మోటారును నడిపింది. పక్కకు జరిగిపోకుండా తాళ్లు పట్టి ఉంచాయి.

చరిత్రలో హెలికాప్టర్‌కే పేరొచ్చింది. నా దృష్టిలో మాత్రం అసలు ఘనత దాని కింద పరిచిన డయోడ్లది. రాడార్ పరిశోధనల పుణ్యమా అని మైక్రోవేవ్‌లను భారీగా పుట్టించే గొట్టాలు అప్పటికే ఉన్నాయి. సెకనుకు 245 కోట్ల ఆవృత్తులతో వచ్చే అలను తిరిగి డీసీగా మార్చగల గట్టి రెక్టిఫయరే కరువైంది. ఆ వేగాన్ని అందుకోగల పాయింట్ కాంటాక్ట్ డయోడ్లు చాలా సుకుమారమైనవి, కాస్త ఎక్కువ శక్తి తగిలితే మాడిపోతాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రాస్కో జార్జ్ అలాంటి డయోడ్లను దట్టంగా గుదిగుచ్చి ప్రయోగాలు చేస్తుండేవారు. బ్రౌన్ వాటిని చిన్న చిన్న డైపోల్ యాంటెన్నాలకే నేరుగా కలిపేశారు. ఎవరి వాటా అలను వారే పట్టి, వారే మార్చుకునే ఈ ఏర్పాటే రెక్టెన్నా. హెలికాప్టర్ కింద 4,480 డయోడ్లు కలిసి గరిష్ఠంగా 270 వాట్లు ఇచ్చాయి. అంటే ఒక్కోదాని మీద పడిన భారం 60 మిల్లీవాట్లే.

తర్వాత ఎక్కువ శక్తిని తట్టుకునే షాట్కీ డయోడ్లు వచ్చాక పోరాటం నష్టాల మీదికి మళ్లింది. డయోడ్ అలను మారుస్తూనే రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాల్లో కొత్త అలలను పుట్టిస్తుంది. దారి దొరికితే అవి యాంటెన్నా గుండా బయటికి పోతాయి, వాటితోపాటు శక్తీ పోతుంది. అందుకే యాంటెన్నాకూ డయోడ్‌కూ నడుమ ఫిల్టర్ పెట్టి, అసలు అలను లోపలికి రానిస్తూ మిగతావాటిని వెనక్కి తిప్పికొట్టారు. లోడు నిరోధం కూడా సరిగ్గా కుదరాలి. వోల్టేజీ మరీ తగ్గితే డయోడ్ సొంత వోల్టేజీ నష్టమే రాబడిని మింగేస్తుంది, మితిమీరితే డయోడ్ తట్టుకోలేదు.

ఈ శ్రద్ధకు ఫలితం 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో కనిపించింది. 26 మీటర్ల డిష్ నుంచి ఒకటిన్నర కిలోమీటర్ల దూరం పంపిన పుంజం నుంచి 30 కిలోవాట్లకు పైగా డీసీ రాబట్టారు. రెక్టెన్నా మీద పడిన శక్తిలో 80 శాతానికి పైగా కరెంటుగా మారింది.