అంగడిలో ఆర్ద్రత

వస్తువును విక్రయించుటకు మనసును కరగించుట ధర్మమా? 2014లో ఇంగ్లండులో ఈ ప్రశ్న బలముగా తలయెత్తెను. సెయిన్స్‌బరీస్ అను వర్తకసంస్థ, 1914 క్రిస్మస్ నాడు ఆంగ్ల, జర్మను సైనికులు పోరు మాని చేతులు కలిపిన వృత్తాంతమును టెలివిజన్ ప్రకటనగా చూపెను. అనేకులు కంటతడి పెట్టిరి. కొందరు, మృతవీరుల పేర వ్యాపారమా యని నిరసించిరి. అందు చూపిన చాకొలెట్టుపై లాభము మాజీ సైనికుల సంస్థకు చేరినను వాదము సమసిపోలేదు.

ఈ చర్చ మన కాకినాడకును క్రొత్త కాదు. 1923 డిసెంబరు చివర మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన ఇచట కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖద్దరు ప్రదర్శనము నెలకొల్పిరి. టిక్కెట్టు లేనందున బాలిక దుర్గాబాయి నెహ్రూను ద్వారముననే నిలిపినది అచటనే. ఆ ముతకబట్టకు దేశభక్తియే ప్రకటన. అయినను విదేశీవస్త్ర దహనమునందలి ఆవేశమును 1921లోనే రవీంద్రుడు ప్రశ్నించియుండెను.

భేదమొకటి కలదు. చాకొలెట్టు కొన్నవాని ఋణము ఒక పౌనుతో తీరినది. ఖద్దరు కొన్నవాడు దానిని దినదినము ధరింపవలసివచ్చెను. అంగడిలో మనసు కరగినపుడు, ఆ కరుణ రేపు మనచే ఏమి చేయించునో యని ఒక్కసారి ప్రశ్నించుకొందము.