పురిటి సుంకం, సంతానసాగరం

ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో సొంత రాజ్యం నిలబెట్టింది 1325లోనని చరిత్రకారులు లెక్క కడతారు. ఆ లెక్కన రెడ్డి రాజ్యానికి 2025తో ఏడు వందల ఏళ్లు నిండాయి. ఇలాంటి సందర్భం వచ్చిందంటే మా రాజుపాలెం చుట్టుపక్కల, అటు సత్తెనపల్లి దాకా, ఇటు పిడుగురాళ్ల దాకా ఒక ప్రశ్న లేస్తుంది: ‘మన ఇంటిపేరు వాళ్లు అప్పట్లో ఎక్కడుండేవాళ్లు?’ తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు కొందరికి తెలుసు. ఆ పైన దారి మూసుకుపోతుంది. ఆరేడు వందల ఏళ్ల కిందటి ఒక కుటుంబం గురించి మాత్రం మనకు చాలా తెలుసు. అదే ఆ రాజుల కుటుంబం. వాళ్ల తాతతండ్రుల పేర్లు మనదాకా ఎలా వచ్చాయో చూస్తే, మన పేర్లు ఎందుకు రాలేదో కూడా కొంత అర్థమవుతుంది.

ప్రోలయ వేముడి తండ్రి ప్రోలుడు, తల్లి అన్నమాంబ. అన్న మాచారెడ్డి. మోటుపల్లి రేవును గెలిచిన మల్లారెడ్డి తమ్ముడు. ఈ వరస మనకు తెలిసింది దానశాసనాల వల్ల, హరివంశాన్ని వేముడికి అంకితమిచ్చిన ఎర్రన వల్ల. తర్వాత అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. అనవేముడు, కుమారగిరి ఏలారు. కుమారగిరి తర్వాత గద్దె ఆ కొమ్మలో నిలవలేదు, మాచారెడ్డి సంతతిలోని పెదకోమటి వేముడికి వెళ్లింది. ఆ మలుపు అర్థం కావాలంటే వంశవృక్షం కావాలి. దాన్ని అతికించింది మల్లంపల్లి సోమశేఖరశర్మ. రెడ్డి రాజ్యాల చరిత్ర మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో అచ్చువేసింది. ఒక్కో శాసనంలో దొరికిన ఒకటి రెండు పేర్లను ఆయన ఎంత ఓపికగా కలిపారో ఆ పుస్తకం తెరిస్తే తెలుస్తుంది.

ఈ శాసనాల్లో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. రాజ్యం చేతికి వచ్చాక సూర్యవంశమనో చంద్రవంశమనో రాయించుకోవడం ఆ రోజుల్లో మామూలు. వీళ్లు అలా చేయలేదు. విష్ణువు పాదాల నుంచి పుట్టిన నాలుగో వర్ణం మాది, గంగ పుట్టిందీ ఆ పాదాల నుంచేనని తలెత్తుకుని చెక్కించారు.

అదే కాలంలో ఇంగ్లండులో ఒక భూస్వామి వంశాన్ని వెతకాలంటే ముందు చూసేది మరణ విచారణ పత్రాలు. రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు చనిపోతే, అధికారి ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి ఎంత భూమి ఉంది, వారసుడెవరు, వాడి వయసెంత అని అడిగి రాయించేవాడు. రాజుకు రావలసిన రుసుము కోసమే ఆ విచారణంతా. వారసుడికి ఈడొచ్చిందని రుజువు చేయడానికి ఇరుగుపొరుగువాళ్లు సాక్ష్యం చెప్పేవాళ్లు. వాడు పుట్టిన రోజే మా ఇల్లు తగలబడింది, అందుకే గుర్తుందని ఒకడు. ఆ వారమే నా కొడుకును పూడ్చిపెట్టాను, అందుకే గుర్తుందని ఇంకొకడు. మన పల్నాటి పెద్దవాళ్లు ‘సాగర్ నీళ్లొచ్చిన ఏడు పుట్టాడు’ అంటే అది 1967 అని మనకు తెలిసినట్టే ఇదీ.

అక్కడ మనిషి పోతే రాశారు, ఇక్కడ మనిషి ఇస్తే రాశారు. గుడికో బ్రాహ్మడికో భూమి ఇచ్చినప్పుడు, చెరువు తవ్వించినప్పుడు దాత తన తాతతండ్రుల్ని రాతి మీద చెప్పుకున్నాడు. దానం ఇచ్చే స్తోమత లేని ఇళ్ల పేర్లు రాతికెక్కలేదు. ఇచ్చిన వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి వాళ్ల పేర్లు మాత్రం నిలిచాయి. రాజమహేంద్రవరం రెడ్ల ఇంటి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనం లేకపోతే, కాకతీయ రాజ్యం కూలిన తర్వాత తెలుగుదేశంలో ఏం జరిగిందో సగం తెలిసేది కాదు.

1424లో కొండవీటి రెడ్డి రాజ్యం ముగిసింది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లను గబగబా దాటాలి. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటితో పాటు మన బెల్లంకొండ, వినుకొండ కోటలూ గెలిచాడు. 1579 నాటికి కొండవీడు కుతుబ్‌షాహీల చేతికొచ్చింది. 1788లో గుంటూరు సీమ ఈస్టిండియా కంపెనీ వశమైంది. ఇన్ని జెండాలు మారినా ఊళ్లో కరణం మారలేదు. ఏ రాజు ఎంత మాన్యం ఇచ్చాడు, ఏ పొలం ఎవరిది అన్న లెక్కలు తాటాకు కవిలెల్లో ఒక తరం నుంచి ఇంకో తరానికి నడిచాయి. ఆ లెక్కల మధ్యలోనే కథలూ చేరాయి.

ఆ కథల్ని కాగితం మీదికి ఎక్కించినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లాండులోని లూయిస్ దీవిలో పుట్టి 1783లో ఇండియాకు వచ్చాడు. అంతకుముందు నేపియర్ ప్రభువు, లాగరిథంలు కనిపెట్టిన తన పూర్వీకుడు జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయాలని మొదలుపెట్టి, హిందువుల గణితం గురించి సమాచారం సేకరించే పని ఈ కుర్రవాడికి పెట్టాడు. ఇక్కడి చదువుల మీద ఇతనికి మొదట ఆసక్తి పుట్టింది ఆ పనితోనే. ఎక్కడో ఒక ఇంటివాళ్లు తమ పెద్దాయన గురించి తెలుసుకోవాలనుకున్నారు, దాని ఫలం మన ఊళ్లకు దక్కింది. ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య ఇతనికి కుడిభుజం. పాతికేళ్లు దాటీ దాటకుండానే 1803లో కన్నుమూశాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ఎత్తుకున్నాడు. వీళ్ల మనుషులు ఊరూరా కరణాల దగ్గర కూర్చుని రాయించినవే కైఫియతులు. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది.

ఇక నేను ఇంత దూరం వచ్చింది ఎవరి కోసమో చెబుతాను. రాచవేముడి కోసం.

రాచవేముడు కొండవీటి ఆఖరి రాజు. పెదకోమటి వేముడి కొడుకు, తల్లి సూరాంబ. ఫిరంగిపురం శాసనం శక సంవత్సరం 1331, అంటే 1409 నాటిది. ఆ పక్కనే, కొండవీటి కొండల పాదాన ఉన్న అమీనాబాదులో ఇంకో శాసనం ఉంది. రెండూ శ్రీనాథుడి రచనలే. అప్పటికి ఆయన పెదకోమటి వేముడి కొలువులో విద్యాధికారి. సూరాంబ ఆ చుట్టుపక్కల ఒక చెరువు తవ్వించింది. దాని పేరు సంతానసాగరం. ఆ చెరువులోకి నీళ్లు రావడానికి కొడుకు రాచవేముడు కాలువ తవ్వించాడు. దాని పేరు జగనొబ్బగండ కాలువ.

తల్లి చెరువుకు కొడుకు కాలువ. నాకు తెలిసిన వంశచరిత్రల్లో ఇంతకంటే చక్కనిది లేదు. ఇందులో యుద్ధం లేదు, గెలుపూ లేదు. ఆ కొండల కింద ఎండాకాలం ఎలా ఉంటుందో ఎరిగినవాళ్లకు ఆ చెరువు విలువ చెప్పక్కర్లేదు. చుట్టూ రాళ్లు కాగుతుంటాయి, వాన పడితే నీళ్లు వాలు మీదుగా జారిపోతాయి. ఆ నీళ్లను మళ్లించి ఒకచోట నిలబెట్టాలంటే కట్ట ఎక్కడ వేయాలో, కాలువ ఏ వాలున తేవాలో తెలిసిన మనుషులు ఉండాలి. తవ్విన ఒడ్డెవాళ్ల పేర్లు ఆ శాసనం చెప్పదు. తల్లీకొడుకుల పేర్లు చెబుతుంది.

ఇప్పుడు తాటాకు దగ్గరికి రండి. కవిలెల్లో రాచవేముడు వేరే మనిషి. ఖజానా ఒట్టిపోతే జనం మీద కొత్త కొత్త పన్నులు వేశాడట. వాటిలో ఒకటి పురిటి సుంకం. ఇంట్లో బిడ్డ పుడితే రాజుకు పన్ను కట్టాలి. సవరం ఎల్లయ్య అనేవాడి భార్య ప్రసవించింది. సుంకం కట్టమన్నారు. ఎల్లయ్య కట్టలేదు. రాజునే పొడిచి చంపాడు. అక్కడితో కొండవీటి రెడ్డి రాజ్యం ముగిసిందని కథ.

సంతానం పేరుతో ఉన్న తల్లి చెరువుకు నీళ్లు తెచ్చిన కొడుకే సంతానం మీద పన్ను వేసి చచ్చాడని జనం చెప్పుకున్నారు. శాసనం, కవిలె ఒకదాన్ని ఒకటి ఎరగవు. రాయి రాజు చెప్పమన్నది చెప్పింది, తాటాకు రాజు పోయాక జనం నోట మిగిలింది చెప్పింది. శాసనమే నమ్మాలి, కవిలె కథలు పక్కన పెట్టాలని కొందరు పరిశోధకులు అంటారు. నేను ఒప్పుకోను. ఆ పన్ను నిజంగా వేశాడా అన్నది వేరే సంగతి. ఒక రాజు హద్దు దాటాడని చెప్పడానికి జనం ఎంచుకున్న నేరం ఏమిటో చూడండి. బాలింత మంచం దగ్గరికి పన్నుల వాడు రావడం! ఆ కోపం కల్పితం కాదు.

ఈ భయం మనకే ప్రత్యేకమూ కాదు. 1536లో ఉత్తర ఇంగ్లండులో తిరుగుబాటు లేచినప్పుడు నామకరణాల మీద, ఖననాల మీద పన్ను వేస్తారన్న పుకారు పల్లెల్లో పాకింది. రెండేళ్లకే, 1538లో, ప్రతి చర్చిలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాయాలని థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చాడు. ఇవాళ ఇంగ్లీషు వాళ్లు తమ పూర్వీకుల్ని వెతికేది ఆ పుస్తకాల్లోనే. చివరికి ఆ పన్ను వచ్చింది కూడా. 1783లో ఒక్కో నమోదుకు మూడు పెన్నీల స్టాంపు సుంకం వేశారు, 1794లో తీసేశారు. మెకంజీ ఓడ దిగిన ఏడాదే ఆ దేశంలో పురిటి సుంకం మొదలైందన్న మాట. రాచవేముడి కథ చదివి అతను ఏమనుకున్నాడో తెలుసుకోవాలని నాకు ఎంతో కోరిక.

తర్వాతి కాలానికి వస్తే దారి చీలిపోతుంది. నరసరావుపేట కట్టిన మల్రాజు వారి లాంటి జమీందారుల వంశాలు కంపెనీ కాగితాల్లో, దావాల్లో దొరుకుతాయి. రైతుల ఇళ్లకు పంతొమ్మిదో శతాబ్దపు ఇనాం రిజిస్టర్లు, సెటిల్‌మెంటు రికార్డులు, 1860ల నుంచి రిజిస్ట్రేషను దస్తావేజులు ఉన్నాయి. గయలో పిండం పెట్టిన వాళ్లుంటే అక్కడి పండాల పుస్తకాల్లో పేరు ఉండొచ్చు. భూమి లేని ఇళ్లకు ఇవేవీ లేవు. కరణం కవిలెలో వాళ్లు పనివాళ్లే, వంశం కాదు.

కాగితం లేని చోట పిచ్చిగుంట్ల వాళ్లు ఉన్నారు. ప్రభుత్వ జాబితాలో ఇప్పుడు వీళ్లు వంశరాజులు. పల్నాటి వీరుల కథ పాడేవాళ్లలో వీళ్లూ ఉన్నారు. రైతుల ఇళ్లకు వచ్చి ఇంటిపేరు, గోత్రం, తాతముత్తాతల వరస అప్పజెప్పి ధాన్యం పుచ్చుకుపోయేది వీళ్లే. చిన్నప్పుడు కళ్లాల దగ్గర ఆ వరస విన్నవాళ్లకు తెలుసు, ఊపిరి తీసుకోకుండా పేర్లు ఎలా దొర్లేవో. ఇప్పుడు కళ్లాలే లేవు. వరి కోసే మిషను పొలంలోనే గింజ దులిపేస్తుంటే వాళ్లు ఎక్కడికి రావాలి?

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం న్యాయమే. దాంతో పాటు ఎన్నో ఇళ్లలో పాత కట్టలకు అక్కర తీరిపోయింది. కొన్ని అటక మీద చెదలు తిన్నాయి, కొన్ని చిత్తు కాగితాలతో కలిపి తూకానికి వెళ్లాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. దానశాసనాల్లో సూరాంబ ఉంది, అనితల్లి ఉంది. శిస్తు పుస్తకాలు వచ్చాక భర్త పోయిన ఆడవాళ్లు తప్ప మిగతావాళ్ల పేర్లు దాదాపు కనపడవు, శిస్తు కట్టేవాడి పేరే రాశారు కాబట్టి. పిచ్చిగుంట్ల వాళ్ల వరసా మగవాళ్ల వరసే. అందుకే ఇప్పుడు అమెరికా నుంచి ఫోన్ చేసి వంశవృక్షం కావాలని అడిగే పిల్లలకు తండ్రి వైపు నాలుగు తరాలు చెప్పగలం కానీ, అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరు అడిగితే తడుముకుంటాం. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. ఆ రోజుకు పెళ్లికాని కూతుళ్లకే అది వర్తించింది. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కును పెళ్లయిన కూతుళ్లకూ వర్తింపజేసింది. భాగపంపకాల కాగితాల్లో ఆడపిల్లల పేర్లు, సంతకాలు, వేలిముద్రలు వరసగా కనపడుతున్నది అప్పటి నుంచే.