బలం మిగిలితే దూరం ఖర్చవుతుంది: ఏతం, కదురు, చక్రం చెప్పే మన చరిత్ర

 ఇది కాస్త పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి.

అద్దంకి పేరు చెప్పగానే అందరూ పండరంగని శాసనం గురించి మాట్లాడతారు. క్రీ.శ. 848 నాటిది, తెలుగులో పద్యం ఉన్న తొలి శాసనాల్లో ఒకటి, తరువోజ ఛందస్సు. పరీక్షల్లో ఇంతవరకే అడుగుతారు. ఆ పద్యంలో ఏముందో మాత్రం మనం కొంచెం ఆగి చూడాలి. తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను గెలిచాడని అందులో ఉంది. అంటే తెలుగు పద్యం రాతి మీదికి ఎక్కిన తొలి రోజుల్లోనే అడవి అంచున బతికే జనం కూడా రాతి మీదికి ఎక్కారు, కాకపోతే ఓడిపోయినవాళ్ళుగా ఎక్కారు. గెలిచినవాడి పేరు మిగిలింది. ఆ కొట్టాల్లో బావులు తవ్విందెవరో, నీళ్ళు తోడిందెవరో ఏ రాయీ చెప్పదు.

రాళ్ళు చెప్పని ఆ చరిత్రను పనిముట్లు కొంత చెబుతాయి. అందుకే ఈసారి రాజుల్ని పక్కనపెట్టి ఏతం, రాట్నం, బండి చక్రం గురించి మాట్లాడుకుందాం.

ముందు ఏతం. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్నా ఈ నల్లరేగడి మెట్ట ఊళ్ళకి బావి నీళ్ళే దిక్కుగా ఉన్న రోజులవి. ఏతం అంటే ఏముంది? నిలువుగా పాతిన స్తంభం, దాని మీద అటూ ఇటూ ఊగే పొడవాటి మాను, ఒక కొసన వేలాడే బాన. మనిషి ఆ మాను మీద నడుస్తాడు. బావి వైపు నడిస్తే బాన దిగుతుంది. వెనక్కి ఎక్కితే అతని బరువుకు మాను అటు వాలి, నిండిన బాన పైకి లేస్తుంది. కింద ఇంకొకరు నిలబడి బానను కాలవలోకి వంచుతారు. బడిలో తులాదండం అని చెప్పే పాఠం ఇదే. ఆధారం, భారం, బలం మూడూ ఇందులో ఉన్నాయి.

చిన్న లెక్క వేద్దాం. నీళ్ళతో సహా బాన బరువు 30 కిలోలు, స్తంభానికి 4 మీటర్ల దూరంలో వేలాడుతోంది అనుకోండి. 60 కిలోల మనిషి ఇవతలి పక్క 2 మీటర్ల దూరంలో నిలబడితే రెండూ సరితూగుతాయి: 30 ఇంటూ 4 అంటే 120, 60 ఇంటూ 2 అన్నా 120. ఇంకో అడుగు వెనక్కి వేశాడంటే బాన లేస్తుంది. మనిషి ఉన్న చోటు ఒక మీటరు దిగితే బాన రెండు మీటర్లు పైకి వస్తుంది. బలం రెట్టింపు పెట్టాడు, దూరం రెట్టింపు వచ్చింది. ఏతం కొత్తగా బలాన్నేమీ పుట్టించలేదు. చేతులతో చేదే పనిని కాళ్ళతో ఎక్కే పనిగా మార్చింది, అంతే.

ఈ లెక్కకు రెండో సగం ఉంది. మాను దిగినప్పుడల్లా మనిషీ దిగుతాడు, మళ్ళీ బాన కోసం ఎక్కాలి. వంద బానలు తోడితే ఆ 60 కిలోల ఒళ్ళు మీటరు చొప్పున వంద మీటర్లు ఎక్కినట్టు. అది ముప్పై అంతస్తుల మేడ అంత ఎత్తు. అది కూడా బావి రెండు మీటర్ల లోతే ఉంటే. రాపిడికి పోయేది ఇంకా కలపలేదు. పొద్దున్నించి ఏతం తొక్కినవాడు సాయంత్రానికి మాను దిగుతాడు, ఒక్క గజం కూడా ముందుకు పోయి ఉండడు.

యంత్రం ఏదైనా సూత్రం ఇదే. బలం మిగిలితే దూరం ఖర్చవుతుంది, దూరం మిగిలితే బలం ఖర్చవుతుంది. ఊరికే వచ్చేది ఏదీ లేదు. సైన్సు పుస్తకం ఇక్కడితో ఆగుతుంది. మనం ఇంకో ప్రశ్న అడగాలి. ఆ ఖర్చు ఎవరి ఒంట్లోంచి పోయింది?

కపిలెలో ఆ ఖర్చు ఎద్దుల మీదికి పోయింది. బావి గట్టు మీద గిలక, దాని మీదుగా మోకు, మోకు కొసన తోలు బాన. గిలక బలాన్ని పెంచదు, దిశను మాత్రం మారుస్తుంది. ఎద్దులు ముందుకు లాగితే బాన పైకి వస్తుంది. అందుకే ఎద్దులు నడిచే బాటను పల్లంగా తవ్వేవాళ్ళు. దిగుడులో వాటి ఒంటి బరువు కూడా లాగడానికి తోడవుతుంది. బాన కింద తోలు తొండం ఉంటుంది, దానికి వేరే సన్నతాడు. బాన గట్టుకు రాగానే తొండం దానంతటదే తెరుచుకుని నీళ్ళు తొట్టిలో పడతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు ఆయిల్ ఇంజన్ పంపుల్ని ప్రచారం చేశాడు. ఆయన పేరు చరిత్రలో ఉంది, ఉండాల్సిందే. తొండానికి రెండో తాడు కట్టాలని తోచిన మనిషి పేరు మాత్రం లేదు. ఆ మనిషి ఇంజనీరు కాదా?

ఇక పత్తి. రాట్నంలో లెక్క తిరగబడుతుంది. పెద్ద చక్రం, సన్నని కదురు, రెండింటినీ కలిపే తాడు. చక్రం అడ్డం 60 సెంటీమీటర్లు, కదురు మీద తాడు పడే చోటు ఒక సెంటీమీటరు అయితే, చేత్తో ఒక్క చుట్టు తిప్పేసరికి కదురు 60 చుట్లు తిరుగుతుంది. ఇక్కడ బలం ఇచ్చి వేగం కొనుక్కున్నాం. సైకిల్ గేర్లో, కుట్టుమిషన్లో ఉన్నదీ ఇదే.

గింజ తీసే పనికి మన దేశంలో రెండు రోలర్ల చేతిమర ఎప్పటినుంచో ఉంది. మరలు చెక్కిన కొసల వల్ల ఒకటి తిరిగితే రెండోది ఎదురు తిరుగుతుంది. దూది ఆ సందులోంచి దాటిపోతుంది, గింజ ఇవతలే ఆగిపోతుంది. అమెరికాలో 1793లో ఎలీ విట్నీ తీగ పళ్ళ జిన్ను తయారుచేశాడు. గింజ తీసే కష్టం తగ్గింది కాబట్టి బానిసల కష్టమూ తగ్గిందనుకుంటాం. జరిగింది వేరు. గింజ తీయడం తేలికయ్యేసరికి పత్తి సాగు విపరీతంగా పెరిగింది. ఏరడం మాత్రం చేతులతోనే. 1790లో ఆ దేశంలో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. ఒకచోట యంత్రం వేగం పెంచితే, యంత్రం రాని చోట చేతుల మీద బరువు పెరిగింది.

ఇది దూరదేశం కథ కాదు. మన దగ్గర జిన్నింగు మిల్లులు కరెంటుతో నడుస్తున్నాయి, మిరప పొడి మరలు కరెంటుతో నడుస్తున్నాయి. పత్తి ఏరేది, మిరపకాయలు కోసేది, తొడిమలు తీసేది ఎక్కువగా చేతులే. ఆ వరసల్లో మన అమ్మలు, అక్కలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

మూడోది చక్రం. దీనివల్ల మనవాళ్ళ బతుకే మారిపోయింది. రైళ్ళు రాకముందు తీరంలోని ఉప్పును లోపలి ఊళ్ళకు, అక్కడి ధాన్యాన్ని ఇటువైపుకు ఎద్దుల మీద, గాడిదల మీద మోసుకెళ్ళింది ఎరుకలవాళ్ళు, లంబాడీలు. దారులు, బావులు, సంతలు వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అదే ఎద్దు వీపున మోసేదానికన్నా బండిలో ఎన్నో రెట్లు లాగుతుంది, ఎందుకంటే బరువును చక్రం మోస్తుంది, ఎద్దు రాపిడిని దాటితే చాలు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి ఆ రాపిడి ఇంకా తక్కువ. రోడ్లు, రైళ్ళు, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం కలిసి మనవాళ్ళ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1899లో బెజవాడ, మద్రాసులను కలుపుతూ చీరాల, ఒంగోలు మీదుగా రైలు మార్గం పూర్తయింది.

పని పోయినవాళ్ళకు సర్కారు ఇంకో పని చూపించలేదు, ముద్ర వేసింది. నేరస్థ తెగల చట్టం మొదట 1871లో ఉత్తరాదిన వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. సంచారమే జీవనమైన మనుషులు ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. ముద్ర ఎంతవరకు పోయిందో పోలీస్ స్టేషన్ దగ్గర ఇంటిపేరు, ఊరి పేరు చెప్పినప్పుడు తెలుస్తుంది. చక్రం తప్పేమీ లేదు. చక్రం మిగిల్చిన బలం ఒకరికి చేరింది, దాని ఖర్చు ఇంకొకరి మీద పడింది.

‘మీవాళ్ళకు టెక్నాలజీ ఏం తెలుసు?’ అని ఎవరైనా అంటే యానాది పెద్దలు వరిచేలో పెట్టే ఎలుక బుట్ట చూపించండి. వెదురు బద్దను మెల్లగా వంచి తాడుతో బిగిస్తారు. చేయి పెట్టిన బలం ఆ వంపులో దాగి ఉంటుంది. చిన్న పుల్ల ఒకటి దాన్ని ఆపుతుంది. ఎలుక ఎరను కదిపితే పుల్ల జారుతుంది, దాగిన బలమంతా ఒక్క క్షణంలో బయటపడుతుంది. చెంచుల విల్లు కూడా ఇదే సూత్రం. నిదానంగా ఇచ్చి, ఒక్కసారిగా తీసుకోవడం. తుపాకీ గుర్రం వీటికి చుట్టమే.

ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఇంట్లోనో పెద్దల దగ్గరో మిగిలిన పనిముట్టు ఒకటి పట్టుకోండి. టేపు పెట్టి కొలవండి, ఆధారం ఎక్కడుందో, ఎన్ని చుట్లకు ఎన్ని చుట్లో లెక్క రాయండి. దాని భాగాలను ఎరుకల భాషలో, గోర్‌బోలిలో ఏమంటారో తాతనో అవ్వనో అడిగి రాయండి. తర్వాత దాన్ని ఎవరు నడిపారు, ఎంత కూలి వచ్చింది, ఎందుకు ఆగిపోయింది అనేది కూడా రాసి ఇక్కడ పెట్టండి. రేపు మీలో ఒకరు కొత్త యంత్రం గీస్తున్నప్పుడు, బలం ఎంత మిగులుతుందనే లెక్క పక్కనే ఖర్చు ఎవరి మీద పడుతుందనే లెక్క కూడా వేయాలి. ఆ రెండో లెక్క మనం వేయకపోతే ఇంకెవరూ వేయరు.