బడి మూసేముందు పిల్లోళ్ల లెక్క



ఎద్దులు అమ్మేముందు సేద్యం ఎట్లా అని ఆలోచిస్తాం కదా. సర్కారు ఒక బడిని మూసేటప్పుడు, అందులో పిల్లోళ్లు రేపు ఎక్కడ కూర్చోవాలని ముందే ఆలోచిస్తుందా? మన సీమలో జరిగిన మూడు సంగతులు చెప్తా, మీరే చూడండి.

మొదటిది మదనపల్లె. 1915లో అనిబిసెంటమ్మ అక్కడ కాలేజీ పెట్టింది. మరుసటేడు హోంరూల్ ఉద్యమం మొదలుపెట్టింది. ఆ గాలి కాలేజీలోకీ వచ్చింది. 1917లో తెల్లోళ్ల సర్కారు ఆమెను నిర్బంధించింది. కాలేజీలో రాజకీయం నడుస్తోందని మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు తీసేసింది. గుర్తింపు పోతే చదివిన చదువుకు విలువ ఏముంటుంది? అప్పుడు పిల్లోళ్లకు దారి చూపింది బిసెంటమ్మ వాళ్లే. అడయారులో జాతీయ విశ్వవిద్యాలయం పెట్టి, కాలేజీని దానికింద నడిపించారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి రాసింది ఆ కాలేజీలోనే.

రెండోది మన అనంతపురమే. ఎయిడెడ్ బడి అంటే స్థలం, కట్టడం యాజమాన్యానిది, అయ్యవార్ల జీతం సర్కారుది. 2021 ఆగస్టులో సర్కారు కొత్త పద్ధతి తెచ్చింది. ఆస్తులతో సహా మాకు అప్పగించండి, లేదంటే ఎయిడెడ్ అయ్యవార్లను మాకిచ్చి మీరు ప్రైవేటుగా నడుపుకోండి అనింది. అయ్యవార్లు పోతే ఫీజు పెరుగుతుంది. కట్టలేనోడు చదువు మధ్యలో ఇంకో చోటు వెతుక్కోవల్ల. నవంబరు 8న ఎస్‌ఎస్‌బీఎన్ కాలేజీ కాడ విద్యార్థులు ధర్నాకు దిగినారు, పోలీసులతో గొడవైంది, గాయాలైనాయి. నాలుగు దినాలకు సర్కారు మెట్టు దిగింది. ఎయిడెడ్‌గానే ఉండొచ్చు, ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు అని నవంబరు 12న మెమో ఇచ్చింది. ఆ మాట ఆగస్టులోనే చెప్పింటే?

మూడోది మనందరికీ తెలిసిందే. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవో. కిలోమీటరు లోపల హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులు అందులో కలపమనింది. 2025 మేలో దాన్ని రద్దు చేసినారు. కాగితం మీద కిలోమీటరు చిన్నదే. ఎనిమిదేళ్ల బిడ్డ రోడ్డు దాటి, వంక దాటి పోవల్లంటే అది చిన్నదా?

మన వజ్రకరూరులో తొలకరి పడితే వజ్రాలు వెతికేదానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. బడి తెరిచేదీ అప్పుడే, మనం శెనక్కాయ వేసేదీ అప్పుడే. ఆ నెలలో బిడ్డను ఇంకో బడికి దింపి వచ్చేదానికి ఏ ఇంట్లోనూ మనిషి ఖాళీ ఉండడు. ఇట్లాంటప్పుడు మొదట బడి మానేది ఆడపిల్లే.

అందుకే మూసే మాట వస్తే నాలుగు అడగండి. కొత్త బడి ఎంత దూరం? ఎట్లా పోవల్ల? అక్కడ గదులు, అయ్యవార్లు సరిపోతారా? మధ్యాన్నం అన్నం మొదటి దినం నుంచే ఉంటుందా? టీసీకి తిప్పుకుంటే భయపడొద్దండి. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షను ప్రకారం ప్రధానోపాధ్యాయులు టీసీ వెంటనే ఇయ్యల్ల. అది ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా ఉండేదానికి లేదు.

బడి కమిటీలో మూడొంతులు మన తల్లిదండ్రులే ఉండల్లని కూడా అదే చట్టం చెప్తుంది. సంతకం పెట్టేసి లేచి రావద్దు. అడిగి, జవాబు తీర్మానంలో రాయించుకొని రండి.