శిక్షానంతరము పౌరహక్కులు : స్టువర్టుపుర చరిత్ర

శిక్ష ననుభవించి కారాగారమునుండి వెలువడిన మనుష్యుడు మరల సంపూర్ణ పౌరుడగునా? ఈ ప్రశ్న న్యాయశాస్త్రవేత్తల చర్చకే చెందినదని తలచుట వాడుక. గుంటూరు, ప్రకాశము జిల్లాల చరిత్రను పరిశీలించువారికి ఇది మన ఇంటి ముంగిటి ప్రశ్న యని తెలియగలదు. బాపట్ల, చీరాలల నడుమ రైలుమార్గమున నున్న స్టువర్టుపురమున ఈ ప్రశ్న తలక్రిందులై నిలిచినది. అచ్చట హక్కులు ముందు పోయినవి; నేరనిర్ణయము తరువాతి మాట.

మొదట నేటి చట్టస్థితిని చెప్పవలసి యున్నది. రాజ్యాంగము 326వ అధికరణము వయోజనులకు ఓటుహక్కు నొసగుచు, ఆ హక్కును తొలగించుటకు చట్టము చూపదగిన కారణములలో నేరమును గూడ పేర్కొన్నది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 62వ విభాగము ననుసరించి కారాగారమున నున్నవాడు ఓటు వేయరాదు; విడుదల యైన దినమున ఆ హక్కు తనంతట తానే తిరిగి వచ్చును. పోటీచేయు హక్కు విషయమున కట్టుబాటు హెచ్చు. రెండేండ్లు, అంతకు మించిన శిక్ష పడినవాడు సామాన్యముగా విడుదల యైన పిదప ఆరేండ్లు గడచువరకు అనర్హుడు. ఈ రెండేండ్ల కొలత 1935 భారత ప్రభుత్వ చట్టమునుండి సంక్రమించినది. అందు విడుదలానంతరపు గడువు ఐదేండ్లు, దానిని తగ్గించు నధికారము గవర్నరునకు గలదు. అమెరికాలో కొన్ని రాష్ట్రములు శిక్ష ముగిసిన పిదప గూడ ఓటును నిలిపివేయుటయు, 1974లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని సమ్మతించుటయు, 2018లో ఫ్లోరిడా ప్రజలు తమ ఓటుతోనే ఆ నిషేధమును సడలించుటయు తలచినచో, మన చట్టము ఉదారమైనదనియే చెప్పవలెను. కాని ఓటు ఒక్కటియే పౌరసత్వము కాదు. ఇష్టమైన చోట నివసించుట, రాత్రివేళ పొరుగూరికి పోవుట, బిడ్డలను తన యొద్ద నుంచుకొనుట, నచ్చిన పనిని చేయుట అను హక్కులు ఓటుకంటె మౌలికములు. స్టువర్టుపుర వాసులు కోల్పోయినవి ఇవి.

ఎరుకలవారి పూర్వచరిత్రకు వారి శాఖానామములే మొదటి సాక్ష్యములు. ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు అను పేర్లు వారి వర్తకమును తెలుపుచున్నవి. తీరప్రాంతపు అళములనుండి ఉప్పును గాడిదలపై, ఎద్దులపై వేసికొని ప్రత్తి, మిరప పండు నల్లరేగడి పల్లెలకును, ఆ పై మెట్ట ప్రాంతములకును చేరవేసి, మారుగా ధాన్యమును తెచ్చుట వారి వృత్తి. బుట్టలు, తట్టలు అల్లుట, ఎరుక చెప్పుట దానికి తోడు. మన యక్షగానములలోను, కొరవంజులలోను ఎరుకలసాని గడప దాటి లోనికి పిలువబడు స్త్రీ. శ్రీనివాసుడే ఎరుకలసాని వేషము దాల్చి ఆకాశరాజు నగరునకు పోయెనను గాథ తెలుగువారి ఇండ్లలో నేటికిని చెప్పుకొనబడుచున్నది. సాహిత్యమున నింతటి ఆదరము గల పేరు ఒక శతాబ్ది లోపల పోలీసు రిజిస్టరులోని పేరుగా మారుట యాదృచ్ఛికము కాదు.

దీనికి కారణములు ఆర్థికములు. ఉప్పుపై ప్రభుత్వపు గుత్తాధిపత్యము, రైలుమార్గములు ఈ సంచారవర్తకులను దెబ్బతీసినవి. 1876–78 నాటి మహాక్షామము వారి పశువులను, పెట్టుబడిని మ్రింగివేసెను. 1882 మద్రాసు అటవీ చట్టము వెదురునకును, మేతకును అడ్డువచ్చెను. 1899లో బెజవాడ–మద్రాసు రైలుమార్గము పూర్తియైన పిదప తీరమున గాడిదపై ఉప్పు మోయువానితో పనిలేకపోయెను. మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథమున ఈ పరిణామమును మద్రాసు ప్రభుత్వపు కాగితముల ఆధారముననే నిరూపించిరి. వర్తకము పోయినను సంచారము మిగిలినది. వర్తకము లేని సంచారి ప్రభుత్వము కంటికి దొంగవలె కనబడెను. వారిలో చౌర్యమున కలవాటుపడినవారు లేరని నేను వాదింపను, ఉండిరి. కాని కొందఱు చేసిన నేరమునకు పుట్టినవారందఱును బాధ్యులగుట యెట్లు?

ఆ బాధ్యతను కల్పించినది చట్టమే. 1871లో ఉత్తర హిందూస్థానమునకై చేయబడిన నేరస్థ జాతుల చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికి వర్తించినది. 1924లో మరల క్రోడీకరింపబడినది. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించు నధికారము ప్రభుత్వమునది. ఆ ప్రకటన చెల్లునా, చెల్లదా యని ఏ న్యాయస్థానమును విచారింపరాదు. ప్రకటింపబడిన తెగవారి పేర్లు రిజిస్టరున చేర్చి వ్రేలిముద్రలు తీసికొనుట, నియమితకాలములందు హాజరు వేయించుట, వారిని సెటిల్మెంటులందు నిర్బంధించుట, బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో నుంచుట ఇవన్నియు చట్టసమ్మతములు. నిర్దిష్ట నేరములలో రెండవసారి శిక్షపడినచో ఏడేండ్లకు తగ్గని కారాగారము, మూడవసారి యైనచో యావజ్జీవ ద్వీపాంతరవాసము.

సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురము ఇంచుమించుగా 1913–14 సంవత్సరములలో ఏర్పడెను. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేర ఆ యూరు వెలసెను. కృష్ణ యొడ్డున సీతానగరమున గూడ అదే సంస్థ సెటిల్మెంటును నడపెను. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మరియొకదానిని నడపెను. ఈ సంస్థలవారి సదుద్దేశమును శంకింప నక్కరలేదు. బడులు పెట్టిరి, వైద్యము చేసిరి, వ్యవసాయము నేర్పిరి. అయితే సంస్కరణమునకు మూలధనము నిర్బంధము. సెటిల్మెంటునుండి చీరాల పొగాకు కర్మాగారమునకు కూలీలు పంపబడుచుండిరి. పోవుటకు ఇష్టము లేని కూలికి పనిని నిరాకరించు స్వేచ్ఛ లేదు. అనుమతి లేనిదే ఎల్ల దాటరాదు. ‘శిక్ష’ అను సంస్కృతపదమునకు నేర్పుట, దండించుట అను రెండర్థములు గలవు. సెటిల్మెంటు నడపినవారు సంస్కృత మెరిగి యుండరు గాని, ఈ శ్లేషను అక్షరాల ఆచరించిరి.

ఇచ్చట ఒక సమకాలికతను విద్యార్థులు గమనింపవలెను. 1921లో చీరాల–పేరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నులను నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరమును నిర్మించుకొనిరి. వేలాది జనులు నెలల తరబడి పాకలలో కాపురముండిరి. ఊరు విడిచి పోవుటయే వారి సత్యాగ్రహము. ఆంధ్రదేశ మంతయు దానిని కొనియాడినది. నేటికిని మన పాఠ్యగ్రంథములు కొనియాడుచున్నవి. అదే సంవత్సరమున కొద్ది మైళ్ల దూరమున స్టువర్టుపురమున అనుమతిపత్రము లేక ఊరు విడుచుట నేరము. గోపాలకృష్ణయ్య ఒక యేడాది జైలుశిక్ష ననుభవించెను. ఆ శిక్ష ఆయన కీర్తిని పెంచినది. రిజిస్టరైన ఎరుకలవాడు పొరుగూరి సంతకు పోయి పొందిన శిక్ష వాని బిడ్డలకు గూడ అంటుకొనినది. రెండును ఒకే తాలూకా ప్రాంతమున, ఒకే ప్రభుత్వము క్రింద జరిగినవి. జైలునుండి వచ్చినవానికి సంఘము పూలమాల వేయునా, తలుపు మూయునా అనునది నేరమునుబట్టి గాక మనుష్యునిబట్టి నిర్ణయింపబడినదని నేననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు. చీరాల ఉద్యమముపై మన విశ్వవిద్యాలయములలో జరిగిన పరిశోధన యీ పొరుగూరివైపు తల త్రిప్పి చూడకపోవుట నాకు ఆశ్చర్యముగా నున్నది.

చట్టముపై వ్యతిరేకత క్రమముగా పెరిగినది. 1936 అక్టోబరున జవహర్‌లాల్ నెహ్రూ నెల్లూరులో ప్రసంగించుచు, ఏ తెగనైనను పుట్టుకచేతనే నేరస్థ తెగ యనరాదని ఆ చట్టమును తీవ్రముగా ఖండించెను. యానాదుల సేవకు జీవితము నర్పించిన నెల్లూరు వాస్తవ్యులు వెన్నెలకంటి రాఘవయ్యగారు దాని రద్దుకై పాటుపడిరి. తమిళదేశమున 1920లో పెరుంగామనల్లూరున రిజిస్ట్రేషనును ప్రతిఘటించిన కళ్లరులపై పోలీసులు కాల్పులు జరిపిరి. అచ్చట ఉద్యమము మరింత తీవ్రరూపము దాల్చెను. 1947లో మద్రాసు శాసనసభ తన రాష్ట్రమున ఆ చట్టమును తొలగించెను. 1949లో కేంద్రప్రభుత్వము చిత్తూరు జిల్లా తిరుచానూరున జన్మించిన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతను విచారణసంఘమును నియమించెను. దాని సిఫారసు ననుసరించి 1952 ఆగస్టు 31న దేశమంతట చట్టము రద్దాయెను. నాటినుండి వారు ‘విముక్త జాతులు’.

అయితే ఆ సంఘము చేసిన మరియొక సిఫారసును చరిత్రకారులు తఱచుగా దాటవేయుదురు. కులముతోను, జన్మతోను సంబంధము లేక, నేరము చేయుట అలవాటైనవారికై వేరొక చట్టముండవలెనని గూడ అది కోరినది. మద్రాసు రాష్ట్రము అప్పటికే, 1948లోనే, అలవాటు నేరస్థుల నిర్బంధ చట్టమును చేసియుండెను. ఆంధ్రప్రదేశ్ 1962లో తన చట్టమును చేసికొనెను. సూత్రరీత్యా ఈ మార్పు గొప్పది. పుట్టుక పోయి, న్యాయస్థాన నిర్ణయము కొలత యైనది. పలుమార్లు శిక్షపడినవాడే రిజిస్టరున చేరును. కాని నాలుగు దశాబ్దులుగా ఎవరి యిండ్లు సోదా చేయబడినవో, ఏ దొంగతనము జరిగినను మొదట ఎవరు పట్టుబడిరో వారికే గదా శిక్షల లెక్క హెచ్చుగా నుండునది! పాత రిజిస్టరు క్రొత్త రిజిస్టరునకు విత్తనమైనది. చట్టముపేరు మారినను ఠాణాలో పుట మారలేదు. తెలుగు వాడుకలో ‘కేడీ’ యను తిట్టు పోలీసు దస్త్రములలోని రెండు ఆంగ్లాక్షరములనుండి పుట్టినదని చెప్పుదురు. దస్త్రమున వ్రాసినది నోట నానుట కింతకంటె నిదర్శనము వలదు.

పోలీసుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. పలుమార్లు దోపిడి చేసినవానిపై కన్ను వేయుట ప్రజలను కాపాడువారి ధర్మము. ఆ వాదమును నేను త్రోసివేయను. నా ఆక్షేపణ కాలపరిమితిని గూర్చినది. కారాగారశిక్షకు అంతమున్నది. పోటీచేయు హక్కుపై నిషేధమునకు గూడ ఆరేండ్ల యంతమున్నది. శాసనసభ్యుడు కాగోరువానికి చట్టము చూపిన ఈ గడువు, పొరుగూరికి కూలికి పోగోరువానిపై ఠాణా వేసిన నిఘాకు ఆచరణలో లేకపోయినది. పెద్ద హక్కునకు గడువుండి చిన్న హక్కునకు లేకపోవుట న్యాయము కాదు. అందువలన హక్కులు శిక్షతో పాటు ముగిసిన లెక్కగా తిరిగి యీయబడవలెననియు, నిఘా కొనసాగవలెనన్నచో దానికి గడువును, న్యాయస్థానపు పరిశీలనయు నుండవలెననియు నా అభిప్రాయము.

1970 దశాబ్దిలో శ్రీమతి హేమలతా లవణము, లవణముగారు స్టువర్టుపురమున చేసిన కృషిని ఇచ్చట స్మరింపవలెను. ఆమె వినుకొండ ప్రాంతపు మహాకవి గుర్రం జాషువాగారి కుమార్తె. ఆ దంపతులు నేరము చేసినవారి యిండ్లకు పోయి కూర్చుండి మాటలాడిరి. బిడ్డల చదువులు, వృత్తులు చూచిరి. సెటిల్మెంటు నిర్బంధముతో ప్రారంభించిన పనిని వారు నమ్మకముతో ప్రారంభించిరి. దాని ఫలితముల ప్రమాణము గూర్చి వాదోపవాదములకు తావున్నను, క్రమభేదము మాత్రము నిస్సందేహము.

సంఘపు రిజిస్టరు అంత సులభముగా మూతపడునది కాదు. 1991లో స్టువర్టుపురము పేరు పెట్టుకొని చలనచిత్రములు వచ్చినవి; 2023లో గూడ ఆ యూరి దొంగ కథతో మరియొకటి వచ్చినది. నా విద్యార్థిదశలో ఆ మార్గమున ప్రయాణము చేయునపుడు, బండి ఆ స్టేషనును సమీపింపగనే పెద్దలు పెట్టెలను కాళ్లయొద్దకు జరుపుకొనుట చూచితిని. నేనును జరుపుకొంటిని. ఆ పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక నిఘంటువు తప్ప మరేమియు లేదు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, కారాగార నిబంధనలలోని కులవివక్షను కొట్టివేయుచు, విముక్త జాతులవారిని జన్మచేత అలవాటు నేరస్థులుగా చూచు నిబంధనలను గూడ పరిశీలించి, ఖైదీల రిజిస్టరులలో కులపు గడిని తొలగింపవలెనని ఆజ్ఞాపించెను. 1871 నాటి ఆలోచన జైలు పుస్తకములలో నూటయేబది యేండ్లు జీవించినదని దీనివలన తేటపడుచున్నది.

ఈ విషయమున పరిశోధన చేయగోరు విద్యార్థులకు మద్రాసు ప్రభుత్వపు కాగితములు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాజ్య అభిలేఖాగారమున లభించును. ఒక్క మనవి. అట్టి దస్త్రములలో ఇంటిపేర్లు, ఊళ్లు, తండ్రిపేర్లు కనబడినచో సిద్ధాంతవ్యాసమున అనుబంధముగా వానిని అచ్చువేయరాదు. ఆ యింటిపేర్లవారు నేడు మన తరగతులలో కూర్చున్నారు. కొందఱు బోధించుచున్నారు.