బొత్తాం మీద టోపీ, కత్తి మీద ముద్ర

1798 అక్టోబర్ 21. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి దండు. గుడారాల మధ్య కేకలు, తోపులాట. జీతాలు బాకీ. సిపాయిలు తిరగబడి సొంత దొరల్నే నిర్బంధించారు. సేనాని పిరోన్ కూడా ఖైదీయే.

ఇంగ్లీషు కెప్టెన్ జాన్ మాల్కం వచ్చాడు. గుంపు మీదపడింది. ఊపిరాడటం లేదు. ఇక అయిపోయాడనుకున్న క్షణంలో, ఒకప్పుడు ఆయన పటాలంలోనే పనిచేసి ఇటు చేరిన సిపాయిలు కొందరు ఆ ముఖం గుర్తుపట్టి, జనాన్ని నెట్టుకుంటూ దూసుకొచ్చి, ఆయన్ని అమాంతం తలల మీదికెత్తుకుని బయటికి మోసుకుపోయారు. బతికాడు. కానీ తెల్లారితే?

అంతకుముందు ఈ దండుకు సేనానిగా ఉన్న ఫ్రెంచి దొర రేమండ్ బతికుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. దాదాపు 14 వేలమందిని కూడగట్టినవాడు. ఫిరంగులు ఇక్కడే పోత పోయించాడు. అదే నేటి గన్‌ఫౌండ్రీ. సిపాయి బొత్తాల మీద ఫ్రెంచి విప్లవపు టోపీ. ఆ ఏడు మార్చి 25న పోయాడు. సెప్టెంబర్ 1న నిజాం అలీఖాన్ ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు: ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోవాలి. సంతకమైతే పెట్టాడుగానీ, ఆ మాట అమలు చేయడానికి మనసు రాలేదు.

బొత్తాం మీద టోపీ ఎవరి పక్షమో చెప్పినట్టే, ఫ్రాన్సులో కత్తి మీద ముద్ర యజమానెవరో చెప్పేది. రాజు అంగరక్షకుల కత్తులు చేసిన క్లింగెన్‌తాల్ కార్ఖానా 1730 నాటిది. జర్మనీలోని జోలింగెన్ నుంచి కమ్మర్లను రప్పించారు. పిడి దగ్గర తనిఖీదారు బుల్లి ముద్ర. కత్తి వీపున కార్ఖానా పేరు. రాజున్నప్పుడు 'రాయల్'. విప్లవం వచ్చాక 'నేషనల్'. నెపోలియన్‌తో 'ఇంపీరియల్'. 1814లో రాజులు తిరిగొచ్చారు, మళ్ళీ 'రాయల్'. ఉక్కు అదే. యజమాని మారాడంతే.

హైదరాబాదులో అక్టోబర్ 22 తెల్లవారింది. దండు ముందు ఇంగ్లీషు పటాలాలు. వెనక మూసీ, అవతలి గట్టున మరో దళం. కబురు వచ్చింది: ఆయుధాలు దించండి, బాకీ జీతం ముడుతుంది. దించుతారా, పేలుస్తారా?

దించారు. నెత్తురు చుక్క రాలలేదు. దొరల్ని సొంత సామానుతో సహా ఫ్రాన్సు దారి పట్టించారు. అంతపెద్ద దండు ఒక్క పగటిలో మాయమైంది. తర్వాతి ఏడు మే నెలలో మైసూరు టిప్పు సుల్తాన్ ఇంగ్లీషువాళ్ళ ముందు ఒంటరిగా నిలవాల్సి రావడానికి ఇదీ ఒక కారణం.

రేమండ్ సమాధి హైదరాబాదు మలక్‌పేట దగ్గర గుట్ట మీదుంది. నల్లరాతి స్తంభం, దాని మీద 'జె.ఆర్.' అనే అక్షరాలు. 2001లో కూలిన మండపాన్ని 2003లో మళ్ళీ కట్టారు. మూసారాంబాగ్ పేరు 'ముస్యే రేమండ్' నుంచే వచ్చిందంటారు. అటు వెళ్ళినప్పుడు ఓసారి ఎక్కి చూడండి.