కామారెడ్డి శిలయు, కోనసముద్రపు టుక్కును

కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి బోవువారికి త్రోవపొడుగునను గుండ్రని బండలు పేర్చినట్లు కానవచ్చును. మా విద్యార్థి యొకడు వానిని జూపి, "పంతులుగారూ! ఇంత రాయి ఉన్నదిగదా, ఇందులో రాగి ఎందుకు లేదు?" అని యడిగెను. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదిది.

ఈ బండలు సుమారు 250 కోట్ల యేండ్లక్రిందట భూగర్భమునుండి పైకి చొచ్చుకొనివచ్చి, భూతలమును చేరకయే చల్లారిన శిలాద్రవము. మెల్లగా చల్లారుటచేతనే వీనిలోని పలుకులు కంటికానునంత పెద్దవైనవి. మన గృహిణులు నిత్యము కడుగు రోటిని పరికించినను ఈ సంగతి తెలియును. మధ్యప్రదేశమునందలి మలంజ్‌ఖండ్ రాగిగనికి ఆశ్రయమైన గ్రానైటు వయస్సును ఇంచుమించుగా నింతే. మఱి యీ భేదమేల?

పోర్ఫిరీ యనబడు జాతి రాగినిక్షేపములు సాధారణముగా 1 మొదలు 5 కిలోమీటర్ల లోతున జనించును. నీరు సమృద్ధిగా గల శిలాద్రవము పైకి వచ్చినకొలది ఒత్తిడి తగ్గి, అందలి నీరు వేఱుపడును. ఉప్పదనముగల యా వేడినీరు రాగిని తనలో గరగించుకొని, చుట్టునున్న రాతిని పగులగొట్టి, ఆ పగుళ్లలో చల్లారుచు రాగిని గంధకముతో గూడ విడిచిపోవును. చిలీ దేశపు ఎల్ తెనియెంతె గని యట్టిది. దాని వయస్సు కోటియేండ్లయినను లేదు. మలంజ్‌ఖండ్ ఆ జాతిదే యని కొందఱు, కాదని కొందఱు వాదింతురు. ప్రతి శిలాద్రవమును రాగిని మోసికొనిరాదు. అదియుగాక, మనవంటి ప్రాచీనభూములలో వానలు, గాలులు పైపొరలను కిలోమీటర్లకొలది అరుగదీసినవి. ఆ లోతున నేమున్నను అవియు కొట్టుకొనిపోవును. మనము నిలిచియున్నది పూర్వపు పర్వతముల వేళ్లమీద.

ఇనుము కథ వేఱు. కామారెడ్డికి ఉత్తరమున, నిజామాబాదు మండలములో కోనసముద్రమను గ్రామము గలదు. భూమికొలతశాఖలో వైద్యుడును భూగర్భశాస్త్రవేత్తయు నగు హెన్రీ వోయ్సీ, 1824లో మరణించుటకు ముందు, అచ్చటి కమ్మరుల పనిని స్వయముగా జూచి వ్రాసెను. ఆ వ్రాత 1832లో అచ్చుపడినది. వారు రెండువిధములైన ఇనుములను మూసలో గలిపి, మూతివేసి, చిరకాలము కాచి, తొందరపడక చల్లార్చిరి. ఆ యుక్కుకొఱకు ఇస్ఫహానునుండి పారసీక వర్తకులు వచ్చి కూర్చుండిరి! డమాస్కసు ఖడ్గముల పేరు చెప్పు మా బాలురలో కోనసముద్రమును ఎఱిగినవా డొక్కడును లేకపోయెను. తప్పు వారిది కాదు, బోధించు మాది.

2010లో బెంగుళూరు, ఎక్సెటరు పండితులు ఉత్తర తెలంగాణమందలి చిట్టెపుదిబ్బలను ఊరూర వెదకి లెక్కించిరి. పగిలిన మూసపెంకులు అచ్చట నేటికిని దొరకును. వచ్చు సెలవులలో ఆ పిల్లవానిని అచ్చటికి దీసికొనిపోవ నిశ్చయించితిమి.